పాత కారుకూ ఒక సర్వీసు రిజిస్టరు



ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. జగ్గయ్యపేట చరిత్ర అనగానే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు మీద పేట కట్టించిన సంగతి, ధనం బోడు మీద బయటపడిన బౌద్ధ స్తూపం సంగతి గుర్తుకు వస్తాయి. వాటి మీద చదువుకుని రాయగలవారు మన సంఘంలోనే ఉన్నారు. నాకు కొంచెం తెలిసిన చరిత్ర మోటార్లది. అదీ నలభై ఏళ్లు ఆఫీసుల్లో జీపుల లెక్కలు రాసి, రిటైరయ్యాక ఒక పాత అంబాసిడరు కారును బాగు చేయించుకోబోయి నేర్చుకున్నది. అందువల్ల ఈ వ్యాసంలో సగం జిల్లా చరిత్ర, సగం మా షెడ్డు చరిత్ర. రెండూ కలిసే ఉన్నాయని చివరకు మీకే తెలుస్తుంది.

మెట్ట దారి

కృష్ణా డెల్టా గ్రామాలకు కాలువల మీద పడవ ప్రయాణం ఉండేది. మన మెట్టకు ఆ అదృష్టం లేదు. విజయవాడ - కాజీపేట రైలు మార్గం కొండపల్లి, మధిర మీదుగా పోయింది కాని నందిగామను, జగ్గయ్యపేటను తాకలేదు. మనకు ఉన్నదల్లా విజయవాడ నుంచి హైదరాబాదు పోయే రోడ్డు. ఎద్దుబండి తరువాత మనకు వచ్చింది తిన్నగా మోటారే. ఈ రోడ్డును చాలాకాలం 9వ నెంబరు జాతీయ రహదారి అన్నాం, 2010 నెంబర్ల మార్పు తరువాత 65 అంటున్నాం. పేరు మారినా కీసర దగ్గర మున్నేరు, పేట దాటాక పాలేరు దాటక తప్పదు.

ఈ రోడ్డుకు ఇంకో ప్రత్యేకత ఉంది. 1948 సెప్టెంబరు వరకు పాలేరు అవతల నిజాం రాజ్యం. సరుకు దాటితే కరోడ్‌గిరి అనే సుంకం కట్టాలి. అక్కడి చెలామణీ హాలీ సిక్కా. మరీ వింత ఏమిటంటే మునగాల పరగణా అప్పట్లో మన నందిగామ తాలూకాలోదే, కాని చుట్టూ నిజాం ఇలాకా. నందిగామ నుంచి మునగాలకు మోటారులో పోయే మనిషి మన తాలూకా నుంచి బయలుదేరి, పరాయి రాజ్యం దాటి, మళ్లీ మన తాలూకాలోనే దిగేవాడు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ గీత పోయింది. 2014 జూన్ 2న గరికపాడు దగ్గర మళ్లీ రాష్ట్ర సరిహద్దు వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి మనం ఎన్టీఆర్ జిల్లా వాళ్లం. అయినా నా వయసు వాళ్ల నోట ఇంకా 'కృష్ణా జిల్లా మెట్ట తాలూకాలు' అనే మాటే వస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలు రేషను అయినప్పుడు బస్సులకు వెనుక బొగ్గు పొయ్యి లాంటి పీపా తగిలించి, ఆ గ్యాసుతో నడిపారు. మన పెద్దలు బొగ్గు బస్సులని చెప్పుకున్నవి అవే. బయలుదేరటానికి ముందు క్లీనరు చాలాసేపు చక్రం తిప్పి పొయ్యి రాజేయాలి. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి తోయాలి. ఇంజనును కంపెనీ చేసినట్టే కాక, దొరికిన దానితో నడిచేట్టు మార్చుకోవటం మన వాళ్లకు ఆనాడే అలవాటయింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తరువాత పని ఉంది.

స్వాతంత్ర్యం వచ్చిన మొదటి పదేళ్లు జిల్లాలో బస్సులన్నీ ప్రైవేటు వారివే. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. కృష్ణా జిల్లా రూట్లను జాతీయం చేసే పథకం మీద బస్సు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా న్యాయవాదులు ఇప్పటికీ చెప్పుకునే తీర్పు అదే. అభ్యంతరాలు ఒకరు విని, నిర్ణయం మరొకరు చేయటం చెల్లదని కోర్టు అన్నది. లోపం సరిచేసుకుని మళ్లీ విచారణ జరిపాక 1959లో ప్రభుత్వం మాటే నెగ్గింది. మన జిల్లా బస్సుల తగాదా దేశానికంతటికీ ఒక న్యాయసూత్రాన్ని ఇచ్చింది.

అయితే కోర్టు రికార్డుకు ఎక్కనిది ఒకటుంది. ప్రైవేటు బస్సుల షెడ్లలో పని నేర్చిన కుర్రాళ్లు ఏమయ్యారు? కొందరు ఆర్టీసీ డిపోల్లో చేరారు. కొందరు లారీలకు పోయారు. కొందరు విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్లు పెట్టారు. మా కారు మేస్త్రి ఆ షెడ్ల పిల్లవాడే. పన్నెండో ఏట ఒక ప్రైవేటు బస్సు షెడ్డులో నట్లు కడగటానికి చేరాడట. ఇప్పుడు ఎనభై దాటాయి.

సమితి జీపు

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. 1959 నవంబరు 1 నుంచి మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు వచ్చాయి. వాటితో పాటు పల్లెల్లోకి జీపు వచ్చింది. అమెరికా విల్లిస్ నమూనాను మహీంద్రా వారు బొంబాయిలో కూర్చినది. పిల్లలకు అప్పట్లో ప్రభుత్వం అంటే జీపే. దుమ్ము కనిపిస్తే బి.డి.ఓ. గారు వస్తున్నారని ఊరంతా సర్దుకునేది.

1969లో నేను సమితి ఆఫీసులో గుమస్తాగా చేరినప్పుడు నా చేతి కిందకు వచ్చిన మొదటి రికార్డు జీపు లాగు బుక్కు. ఎన్ని గంటలకు బయలుదేరింది, ఎక్కడి నుంచి ఎక్కడికి, మీటరు ఎంత, పెట్రోలు ఎంత, ఏ పని మీద, అధికారి సంతకం. మైళ్లకూ పెట్రోలుకూ పొంతన కుదరక ఆడిటు వారికి జవాబులు రాసిన వాళ్లు మన సంఘంలో చాలామందే ఉన్నారు, నవ్వుకుంటారు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. మెట్ట ఆఫీసుల నుంచి కూడా బండ్లను, మనుషులను అక్కడి డ్యూటీకి పంపారు. నేను లెక్క రాసిన జీపు వెళ్లి, చాలా రోజుల తరువాత ఇంజను నిండా ఉప్పు బురదతో తిరిగి వచ్చింది. డ్రైవరు అన్నం ముందు కూర్చుని తినలేక లేచిపోవటం నాకు గుర్తుంది. ఆ రోజుల్లో అది ఏ ఊళ్లకు పోయిందో, ఏం మోసిందో లాగు బుక్కులో వరుసగా రాసి ఉంది. తరువాత ఆ జీపును కండెం చేసి వేలం వేశారు. లాగు బుక్కులు ఒక ఆఫీసులో నిలువ గడువు తీరిందని చిత్తుకాగితాల వాడికి తూకం వేశారు. నిబంధన ప్రకారం తప్పు లేదు. కాని జీపు పోయిన దానికంటే ఆ పుస్తకాలు పోయినందుకే ఇప్పటికీ బాధపడతాను. బండి దొరికినా అది ఉప్పెనకు వెళ్లిన బండి అని చెప్పేవాళ్లు ఎవరు?

మామయ్య కారు

మన తరానికి కారు అంటే మూడే. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడరు, బొంబాయి ప్రీమియర్ వారి ఫియటు, మద్రాసు స్టాండర్డ్ వారి హెరాల్డు. అంబాసిడరుకు మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడో సిరీసు. అంతకు ముందు అదే ఫ్యాక్టరీ నుంచి ల్యాండ్‌మాస్టరు వచ్చింది. డబ్బుంటే కారు దొరికే రోజులు కావవి. పేరు రాయించి, డిపాజిటు కట్టి, సంవత్సరాల తరబడి ఎదురు చూడాలి.

జగ్గయ్యపేటలో మిర్చి వ్యాపారం చేసిన మా మేనమామ అలా ఎదురు చూసి 1966లో అంబాసిడరు మార్క్ 2 కొన్నాడు. ముందు జల్లెడ గళ్ల గ్రిల్లు, 1489 సీసీ పెట్రోలు ఇంజను, స్టీరింగు పక్కన గేరు కడ్డీ. కారు పేరుకు ఆయనదే గాని బజారు మొత్తానిది. పెళ్లికొడుకు ఊరేగింపు, పురుడు కష్టమైన మనిషిని విజయవాడ ఆస్పత్రికి చేర్చటం, ఎన్నికల్లో అభ్యర్థికి ఇవ్వటం, అన్నీ దానితోనే. మా చెల్లెలు కాపురానికి వెళ్లింది అందులోనే. మా నాన్నగారిని చివరిసారి ఇంటికి తెచ్చిందీ అందులోనే.

1973 తరువాత పెట్రోలు ధరలు పెరుగుతూ పోయాయి. ఆ కారు లీటరుకు తొమ్మిది, పది కిలోమీటర్లకు మించి ఇచ్చేది కాదు. డీజిలు చౌక. రోడ్డు మీద టాక్సీలన్నీ ఒక్కొక్కటిగా డీజిలుకు మారాయి. 1986లో మామయ్య కూడా పెట్రోలు ఇంజను దించి, ఒక పాత వ్యాను నుంచి తీసిన డీజిలు ఇంజను పెట్టించాడు. పెట్టింది నేను చెప్పిన మేస్త్రే. ఆ మార్పును ఆర్‌.సి. పుస్తకంలో ఎక్కించుకోవాలి. మామయ్య ఎక్కించలేదు. ఇది మా ఇంటి తప్పే, ఇంకెవరినీ అనను. దించిన పెట్రోలు ఇంజనులో ఆముదం పోసి, గోనెసంచులు చుట్టి మెట్ల కింద పెట్టాడు.

మామయ్య పోయాక కారు నాకు వచ్చింది. 1999 నుంచి అది ఎక్కువ కాలం షెడ్డులోనే ఉంది. కాగితాల గడువు కూడా దాటిపోయింది. 2014 మేలో ఉత్తరపారాలో అంబాసిడరు తయారీ ఆగిపోయిందని పేపర్లో చదివిన రోజున వెళ్లి దాని మీద దుమ్ము తుడిచాను. నా ఈ వ్యసనం ఆ రోజు మొదలైంది.

మెట్ట నీళ్లు, మెట్ట ఎండలు

పాత కారు పోషణ అంటే పాలిష్ పెట్టి ఫొటో తీసుకోవటం అని మా అల్లుడు అనుకున్నాడు. అసలు పని వేరు. మన ప్రాంతానికి తగినట్టు తెలుసుకున్న నాలుగు విషయాలు చెబుతాను.

మొదటిది నీళ్లు. మన నేల కింద సున్నపురాయి. అందుకే ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. అదే కారణంగా మన బోరు నీళ్లు రేడియేటరులో పోస్తే బిందె అడుగున పట్టినట్టే తెల్లని చెక్కు పడుతుంది. సన్నని గొట్టాలు పూడుకుపోయి ఇంజను వేడెక్కుతుంది. పాత డ్రైవర్లు వాన నీళ్లు పట్టి డబ్బాల్లో దాచుకునేవారు. ఇప్పుడు డిస్టిల్డు వాటరు, కూలెంటు కలిపి పోస్తే సరిపోతుంది.

రెండవది ఎండ. మేనెలలో నందిగామ రోడ్డు మీద పెట్రోలు పంపులోనే ఆవిరి పట్టి బండి ఆగిపోయేది. డ్రైవరు దిగి పంపు మీద తడిగుడ్డ వేసి, ఒక బీడీ కాల్చేలోగా మళ్లీ స్టార్టయ్యేది. బీడీ మానేసినా తడిగుడ్డ అవసరం పోలేదు.

మూడవది గ్రీజు. ఇప్పటి కార్లలో లేనిది ఇదే. అంబాసిడరు ముందు చక్రాల కీలు దగ్గర గ్రీజు నిపుళ్లు ఉంటాయి. వాటికి తరచు గ్రీజు కొట్టకపోతే అరిగి స్టీరింగు ఊగుతుంది. కారు నడపకపోయినా నెలకొకసారి కదిలించాలి. మన మోకాళ్లకు డాక్టరు చెప్పే మాటే దానికీ.

నాలుగవది పెట్రోలు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. పాత ఇంజన్ల వాల్వు సీట్లకు ఆ సీసం కొంత రక్షణగా ఉండేది. కాబట్టి హెడ్డు విప్పినప్పుడు గట్టి లోహపు సీట్లు వేయించుకోవటం మంచిది. 2023 నుంచి బంకుల్లోకి ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను, కార్బురేటరు వాషర్లను మెత్తబరుస్తుంది. గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకానికి మార్చి, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకుండా చూసుకోవాలి. ఇది అశ్రద్ధ చేస్తే పాత బండికి నిప్పు ప్రమాదం కూడా ఉంది.

వరద

2024 ఆగస్టు 31 వర్షం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మర్నాటికి మున్నేరు, పాలేరు పొంగాయి, గరికపాడు దగ్గర వంతెన దెబ్బతిన్నది, హైదరాబాదు రోడ్డు ఆగిపోయింది. మా షెడ్డులో కారు సీటు ఎత్తు వరకు నీళ్లు నిలిచాయి. మెట్ల కింద పెట్రోలు ఇంజను మాత్రం మామయ్య ఆనాడు ఎత్తు అరుగు మీద పెట్టటం వల్ల బతికింది.

నీళ్లు తీశాక ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. "నాన్నా, పాత ఇనుము ధరకు ఇచ్చేద్దాం, షెడ్డు శుభ్రం చేయిద్దాం" అని మా అబ్బాయి ఫోనులో అన్నాడు. తూకం వేసుకునేవాడు వచ్చి చూసి ధర కూడా చెప్పి వెళ్లాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. మరునాడు వెనుక సీటులో బురద తనే చేతులతో తీయటం మొదలుపెట్టింది. కాపురానికి వచ్చినప్పుడు ఆమె కూర్చున్న సీటు అది. ఇక అమ్మే మాట ఎత్తలేదు.

మేస్త్రికి కబురు పెట్టాను. ఆయన రాగానే చెప్పిన మొదటి మాట, "తాళం తిప్పకండి." నీళ్లలో మునిగిన బండికి ఇదే మొదటి వైద్యం. ముందు బ్యాటరీ తీసేయాలి. ఇంజను ఆయిలు దించి చూడాలి. పాలు కలిపిన కాఫీలా ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టు. గేరుబాక్సు, వెనుక హౌసింగు ఆయిళ్లు కూడా దించేయాలి. బ్రేకు ద్రవం నీటిని పీలుస్తుంది కాబట్టి పూర్తిగా మార్చాలి. డ్రమ్ములు విప్పి బురద కడగాలి. సిలిండర్లలో కొంచెం నూనె పోసి, హ్యాండిలుతో చేత్తో తిప్పి, తేలికగా తిరిగితేనే మిగతా మాట.

తరువాత బాడీ. అంబాసిడరుకు లారీలా వేరే ఛాసిస్ లేదు. అడుగు రేకు, తలుపుల కింది పెట్టెలు కలిసి బరువు మోస్తాయి. ఆ పెట్టెలు తుప్పు పట్టి ఉన్నప్పుడు కింద దన్ను పెట్టకుండా కోసి వెల్డింగు చేస్తే బాడీ నడుము వంగి, ఆ తరువాత తలుపులు పడవు. ఈ జాగ్రత్త తెలియని ఒక షెడ్డుకు 2016లో ఇచ్చి, ఎడమ తలుపు ఎనిమిదేళ్లు తాడుతో కట్టుకున్నాను. ఈసారి మేస్త్రి నాలుగు చోట్ల జాకీలు పెట్టి, తలుపులు బిగించి ఉంచే పని చేయించాడు. పుట్టీ పెట్టి తుప్పును కప్పే పని వద్దన్నాడు. "పుట్టీ పెడితే పెళ్లిచూపులకు పనికొస్తుంది, కాపురానికి కాదు" అన్నాడు.

మేస్త్రి అభ్యంతరం

ఇక అసలు చిక్కు. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో వింటేజి వాహనాలకు నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బండ్లకు వి.ఎ. అక్షరాలతో ప్రత్యేక నెంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, మళ్లీ పొడిగించటానికి 5,000. పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకుపోవచ్చు. రోజువారీ తిప్పటానికి, కిరాయికి వీలులేదు. అన్నిటికంటే ముఖ్యమైన షరతు, బండి మూల రూపంలో ఉండాలి. ఛాసిస్‌లోగాని బాడీలోగాని ఇంజనులోగాని పెద్ద మార్పు జరిగి ఉండకూడదు.

మా కారు వయసు చాలు. ఇంజను మాత్రం అడ్డం. అందువల్ల డీజిలు ఇంజను దించి, మెట్ల కింది పెట్రోలు ఇంజను మళ్లీ ఎక్కిద్దాం అన్నాను. సంతోషిస్తాడనుకున్న మేస్త్రి ముఖం మాడ్చుకున్నాడు.

"గుమస్తాగారూ," అన్నాడు. నేను ఎన్ని ప్రమోషన్లు పొందినా ఆయనకు గుమస్తానే. "ఆ ఇంజను కూర్చోబెట్టటానికి పదకొండు రోజులు పట్టిందండీ నాకు. మౌంటింగులు ఎక్కడా దొరకలేదు. లారీ కమాను పట్టీ కోసి నేనే చేశాను. ఆ ఇంజను వల్లే కారు ఇంకో పదమూడేళ్లు రోడ్డు మీద తిరిగింది. లేకపోతే ఎప్పుడో తూకానికి పోయేది. ఇప్పుడు అది తీసి పారేస్తే, నేను చేసిన పని అసలు జరగనట్టే కదండీ."

దీనికి నా దగ్గర జవాబు లేదు. వారం రోజులు ఆలోచించాను.

పెద్ద ఊళ్లలో పాత కార్ల పోషణ వేరే రకం. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక వారి ర్యాలీ 1964 నుంచి జరుగుతూ వచ్చింది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో నిజాం వారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది. కోయంబత్తూరులో తెలుగు కుటుంబంలో పుట్టి, బస్సు నడపటంతో మొదలై పెద్ద పరిశ్రమలు పెట్టిన జి.డి. నాయుడుగారి పేరు మీద 2015లో కార్ల మ్యూజియం వెలిసింది. అటువంటి చోట్ల కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలా ఉండటమే గొప్ప. రాజుగారి కారు ఎక్కువ తిరగలేదు కనుక అది సాధ్యం.

మన మెట్టలో కారు అలా కూర్చోలేదు. అది తిరగటానికే బతికింది. బతకటానికి మారింది. యుద్ధకాలంలో బస్సుకు బొగ్గు పీపా తగిలించిన మనిషి బుద్ధీ, 1986లో కమాను పట్టీతో మౌంటింగు చేసిన మనిషి బుద్ధీ ఒకటే. కంపెనీ చేసిన దాన్నే చరిత్ర అని, మన మేస్త్రి చేసిన దాన్ని చెడగొట్టటం అని లెక్క వేస్తే, మన ప్రాంతపు మోటారు చరిత్రలో మిగిలేది ఏముంటుంది? అలాగని చట్టం మాట వినకపోతే కారు రోడ్డు ఎక్కదు. రోడ్డు ఎక్కని కారును నా తరువాత ఎవరూ ఉంచరు.

ఆ చిక్కు విప్పింది మన ఆఫీసు అలవాటే. సర్వీసు రిజిస్టరులో ఒక నమోదు తప్పని తేలినా బ్లేడుతో గీకి చెరపకూడదని మనకు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నేర్పారు. పాతది చదవటానికి వీలుగా అడ్డగీత గీసి, పైన కొత్తది రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. కారుకు కూడా అలాగే చేయవచ్చు కదా అనిపించింది.

ఒక లాంగ్ నోటుబుక్కు కొని, అట్ట మీద 'సర్వీసు రిజిస్టరు' అని రాశాను. మొదటి పేజీలో 1966 కొనుగోలు, ఇంజను నెంబరు. తరువాత జ్ఞాపకం ఉన్నంత మేరకు టైర్లు, రంగులు, ప్రమాదాలు, ప్రయాణాలు. 1986 పేజీలో డీజిలు ఇంజను ఎందుకు పెట్టారు, ఎలా పెట్టారు, మౌంటింగు దేనితో చేశారు, అన్నీ మేస్త్రి చెబుతుంటే నేను రాశాను. మౌంటింగు బొమ్మ ఆయనే గీశాడు. ఆర్‌.సి.లో ఎక్కించని సంగతి కూడా రాశాను. 2025 పేజీలో ఆ ఇంజను దించిన తేదీ, కారణం. డీజిలు ఇంజనును తూకానికి ఇవ్వలేదు. ఆ కమాను పట్టీ మౌంటింగులతో సహా అదే షెడ్డులో ఒక ఇనుప స్టాండు మీద పెట్టించాను. దానికి ఒక రేకు చీటీ కట్టాను.

1986 పేజీ కింద సంతకం పెట్టమని పెన్ను ఇస్తే మేస్త్రి కాసేపు పట్టుకుని కూర్చున్నాడు. డెబ్బై ఏళ్లు పని చేశాను గాని, చేసిన పని కింద పేరు రాయమని ఎవరూ అడగలేదన్నాడు. కూడబలుక్కుని తెలుగులో సంతకం చేశాడు. తరువాత పెట్రోలు ఇంజను పని తనే దగ్గరుండి చేయించాడు.

ఆముదం మేలు చేసింది. సిలిండర్లు కొంచెం రీబోరుతో సరిపోయాయి. రింగులు, వాల్వు సీట్లు, గొట్టాలు కొత్తవి. 2025 మే నెలలో, ముప్పై తొమ్మిదేళ్ల తరువాత, ఆ ఇంజను మళ్లీ స్టార్టయింది. పొగ ఎక్కువే వచ్చింది. పక్కింటివారు కంగారుపడి వచ్చారు. వింటేజి రిజిస్ట్రేషనుకు కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను. పుస్తకంలోని ఇంజను నెంబరూ కారులోని నెంబరూ ఇప్పుడు ఒకటే.

మిత్రులకు మనవి

మన సంఘ సభ్యుల ఇళ్లలో పాత ఫియట్లు, జీపులు, స్కూటర్లు ఇంకా ఉన్నాయని నాకు తెలుసు. వాటిని అందరూ బాగు చేయించుకోవాలని చెప్పను. ఖర్చు ఉంది, ఓపిక కావాలి, పిల్లల మాటా వినాలి. ఉంచుకోదలచిన వారు ముందుగా ఆర్‌.సి. పుస్తకం ఎక్కడుందో చూసుకోండి. అది లేని బండికి తరువాత ఎంత ఖర్చు పెట్టినా ప్రయోజనం తక్కువ. తీసిన పాత భాగాలు పారేయకండి. ఇంజను మార్చాలంటే ముందుగా రవాణా శాఖలో ఎక్కించుకోండి. అమ్మదలచిన వారు కూడా తూకానికి ఇచ్చే ముందు ఒక పని చేయండి. ఆ బండి ఎప్పుడు వచ్చింది, ఏయే ప్రయాణాలు చేసింది, ఎవరు నడిపారు, ఎవరు బాగు చేశారు, ఒక నాలుగు పేజీలు రాసి ఉంచండి. ఆ మేస్త్రి బతికి ఉంటే పిలిచి సంతకం చేయించండి. బండి పోయినా ఆ నాలుగు పేజీలు మీ మనవళ్లకు ఉంటాయి.

ఉప్పెనకు వెళ్లిన జీపు లాగు బుక్కులు నా కళ్ల ముందే పోయాయి. ఆ అన్యాయం ఇంకో బండికి జరగకూడదనే ఈ నాలుగు మాటలు రాశాను.

సెలవు.